పిల్లలే పిల్లలకు చెప్పే ఆరోగ్య పాఠం: ఆయుష్మాన్ భారత్ పాఠశాల కార్యక్రమంపై ఒక తల్లి సమీక్ష

ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమానికి ఎన్‌సీఈఆర్‌టీ 2020లో పాఠ్యసామగ్రిని సిద్ధం చేసింది. దాని ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైతే ఒక పురుషుడు, ఒక మహిళ, అంబాసిడర్లుగా వారానికొక గంట తరగతి నడపాలి. ప్రతి తరగతి నుంచి ఇద్దరు విద్యార్థులు మెసెంజర్లుగా ఆ విషయాలను తోటివారికి చేరవేయాలి. పోషకాహారం, మానసిక ఆరోగ్యం, మత్తు పదార్థాల నివారణ, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ సురక్షిత వినియోగం వంటి 11 అంశాలు ఇందులో ఉన్నాయి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇది ఎలా అమలవుతున్నదో చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసింది ప్రశ్నల పెట్టెను. పేరు రాయకుండా చీటీ వేసే వీలున్నందువల్ల నెలసరి నొప్పి, ముఖం మీద మొటిమలు, పరీక్షల ముందు నిద్ర పట్టకపోవడం వంటి, పెద్దల ముందు ఎప్పటికీ నోరు దాటని సందేహాలు బయటికి వస్తున్నాయి. వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రను ఖాళీ కడుపుతో వేసుకోవద్దనీ, దానివల్ల మలం నల్లగా వచ్చినా భయపడనవసరం లేదనీ తోటి అమ్మాయి చెప్పినప్పుడు పిల్లలకు కలిగే నమ్మకం వేరు. మాత్రను చాటుగా పారేసే అలవాటు తగ్గడానికి ఈ మాట ఎంతో అవసరం.

అయితే మెసెంజర్లను ఎంచుకున్న పద్ధతి నాకు నచ్చలేదు. మార్కుల్లో ముందుండే పిల్లలనే టీచర్లు నియమించారు. పొగ తాగడం మొదలుపెట్టిన కుర్రాడు, ఇంట్లో గొడవలతో నలిగిపోతున్న అమ్మాయి మనసు విప్పేది క్లాస్ ఫస్టు వచ్చే విద్యార్థి దగ్గరేనా? ఇంగ్లండు, వేల్స్‌లలోని 59 పాఠశాలల్లో పొగతాగడాన్ని తగ్గించేందుకు చేసిన ‘అసిస్ట్’ అధ్యయనంలో, ఎవరి మాటకు తమ మధ్య విలువ ఉందో విద్యార్థులే చెప్పారు. అలా ఎంపికైనవారికి బయటి శిక్షకులు తర్ఫీదు ఇచ్చారు. వారు ఉపన్యాసాలు ఇవ్వలేదు, మామూలు కబుర్లలోనే విషయం చెప్పారు. అక్కడ పొగతాగడం తగ్గిందని 2008లో వెలువడిన ఫలితాలు చూపించాయి.

అంతకన్నా ముఖ్యమైన అనుభవం మన దేశంలోనే ఉంది. బిహార్‌లోని నలందా జిల్లాలో 74 పాఠశాలల్లో జరిగిన ‘సెహర్’ అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. విద్యార్థి బృందాలు, గోడపత్రిక, ఫిర్యాదుల పెట్టె వంటివాటిని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులు, మరికొన్నింటిలో ఆ పనికే ప్రత్యేకంగా నియమితులైన, వైద్యవృత్తికి చెందని కౌన్సెలర్లు నడిపారు. కౌన్సెలర్లు ఉన్నచోట బడి వాతావరణం మెరుగుపడింది, కుంగుబాటు లక్షణాలు, తోటివారి వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపినచోట చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. పాఠాలు, పరీక్షలు, కార్యాలయ పనులతో సతమతమయ్యే ఉపాధ్యాయులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మార్కులు వేసే మనిషే మనసులోని బాధ కూడా వినాలంటే పిల్లలకు సంకోచం సహజమని మాత్రం గుర్తించాలి.

మరొక లోటు భద్రతకు సంబంధించినది. పద్నాలుగేళ్ల పిల్ల స్నేహితురాలి కన్నీళ్లు వినగలదు, కానీ కౌన్సెలరు కాలేదు. చనిపోవాలనిపిస్తోందని గానీ, ఎవరో తప్పుగా తాకారని గానీ తోటివారు చెబితే ఆ మాటను రహస్యంగా దాచకూడదనీ, అదే రోజు నమ్మకమైన పెద్దవారికి చెప్పాలనీ మెసెంజర్లకు మొదటి పాఠంగా నేర్పాలి. లైంగిక వేధింపు విషయమైతే, తెలిసిన పెద్దలు పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. ఈ విషయాన్ని శిక్షణలో గట్టిగా చెప్పినట్టు మా బడిలో నాకు కనిపించలేదు. మానసిక సమస్యలకు 24 గంటలూ ఉచితంగా పనిచేసే టెలి మానస్ నంబరు 14416ను కూడా గోడ మీద రాయించలేదు.

ఇన్ని లోట్లున్నా ఈ కార్యక్రమాన్ని తల్లిదండ్రులు అడిగి మరీ తమ పిల్లల బడిలో నడిపించుకోవాలని నా అభిప్రాయం. వచ్చే ఏడాది మెసెంజర్లను విద్యార్థుల రహస్య చీటీల ద్వారా ఎన్నుకోవాలనీ, నెలకొకసారైనా బయటి కౌన్సెలరును రప్పించాలనీ మా పాఠశాల యాజమాన్య కమిటీకి అర్జీ రాసి ఇచ్చాను.