కుందేలు బొచ్చుకు రబ్బరు బ్రష్: మూడేళ్లు వాడాక

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌కి మా కుందేలు బూరె వచ్చి మూడేళ్లు దాటింది. రంగు చూసి పెట్టిన పేరు. ఈ మూడేళ్లలో దాని బొచ్చు కోసం నాలుగు రకాల సామాన్లు కొన్నాను, రోజూ చేతిలోకి వచ్చేది మాత్రం అన్నిట్లోకీ చవకదైన మెత్తని రబ్బరు బ్రష్.

మొదట కొన్నది కుక్కలకు వాడే ఇనప తీగల బ్రష్. బొచ్చు బాగానే లాగుతుంది కానీ కుందేలు చర్మం మరీ పల్చన, రెండోరోజే మెడ దగ్గర ఎర్రగా గీసుకుపోయింది. చేతికి తొడుక్కుని దువ్వే గ్లవ్ దండగ, బొచ్చంతా నా ప్యాంటుకే. సన్నపళ్ల దువ్వెన తోక దగ్గర ఊడొచ్చే గుత్తులకు పనికొస్తుంది, అంతే.

ఏడాదికి రెండుసార్లు పెద్దగా రాలుతుంది, మధ్యలో కాస్త కాస్త. తల దగ్గర మొదలై వీపు మీదుగా వెనక్కి పోతుంది, పాత బొచ్చుకీ కొత్తదానికీ మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది, మొదటిసారి చూసి జబ్బేమో అని టెన్షన్ పడ్డాను. అది మామూలే. తెల్లపొట్టు లేస్తూ తెగ గోక్కుంటుంటే మాత్రం పురుగు పట్టిందేమో చూపించాలి. బొచ్చు రాలే రోజుల్లో రోజూ పది నిమిషాలు దువ్వి, చివర్లో అరచేతులు తడి చేసుకుని నిమిరితే మిగిలింది చేతికి అంటుకుని వచ్చేస్తుంది. స్నానం మాత్రం వద్దు, బెదిరిపోతాయి, ఆ బొచ్చు ఓ పట్టాన ఆరదు కూడా.

ఇంత దువ్వినా రెండో ఏడు దెబ్బ తగిలింది. పెంటికలు బొచ్చుతో దండ గుచ్చినట్టు వచ్చాయి, మర్నాడు సాయంత్రం తిండి మానేసింది. దగ్గర్లోని క్లినిక్‌కి ఫోన్ చేస్తే "కుందేళ్లని చూడమండీ" అన్నారు, ఇంకోచోటికి ఆటోలో పరిగెత్తాం. అక్కడి డాక్టరమ్మ బొచ్చు సంగతి పక్కనపెట్టి ముందు అడిగింది "ఏం పెడుతున్నారు?" అని. పెల్లెట్లు (గుళికల మేత), క్యారెట్ అన్నాను. చీవాట్లు పడ్డాయి. కుందేలు పిల్లిలా కక్కలేదట, నాకి మింగిన బొచ్చు కిందనుంచే పోవాలి, పీచు, నీళ్లు చాలక పేగు నెమ్మదిస్తే అది లోపలే ఉండకడుతుంది. ఇప్పుడు తిండిలో ముప్పాతిక పైనే ఎండు గడ్డి, గిన్నెతో నీళ్లు, మళ్లీ దండలు కనపడలేదు. ఒక పూట తినకపోయినా తెల్లారేదాకా ఆగకండి.

బ్రష్‌కి లోపం ఒకటుంది, ఏడాదిన్నరకల్లా పళ్లు వాలిపోతాయి. ఇది నా రెండోది. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడల్లా "పప్పులో బొచ్చొచ్చిందిరా" అంటూనే ఉంది, దానికి ఏ బ్రష్షూ పనిచెయ్యలేదు.