హన్మకొండలో సాయంత్రం క్లాసా, ఇంట్లో ఎన్‌పీటెల్ కోర్సా?

ఏళ్ల తరబడి అదే పని చేస్తూ కొత్త పని నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఈ రెండు దారులున్నాయి: హన్మకొండ ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం క్లాసు, లేదా ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ కోర్సులు, అంటే ఎన్‌పీటెల్.

ఖర్చు: ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు 1000 రూపాయలు. ఇన్‌స్టిట్యూట్‌లో ముందే కట్టాలి. డెమో క్లాసు చూడకుండా మాత్రం కట్టొద్దు.

శ్రమ: ఇన్‌స్టిట్యూట్‌కైతే కాజీపేట నుంచి రోజూ రానుపోను తిరగాలి. షిఫ్టు మారితే ఆ రోజు క్లాసు పోయినట్టే.

రిస్క్: ఎన్‌పీటెల్‌లో దెబ్బతినేది అసైన్‌మెంట్ల దగ్గరే. వారం వారం గడువుంటుంది. 12 వారాల కోర్సులో బాగా మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లు లెక్కేస్తారు. వాటిలో సగటున 25కి 10, పరీక్షలో 75కి 30 రావాలి. పరీక్ష ఎంత బాగా రాసినా అసైన్‌మెంట్లు వదిలేస్తే సర్టిఫికెట్ రాదు.

టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), ఆటోక్యాడ్ (డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్)లకు ఇన్‌స్టిట్యూటే మేలు; తప్పు నొక్కితే సార్ అక్కడికక్కడే దిద్దుతాడు. మెషీన్ లెర్నింగ్ (డేటా చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి) లాంటి పునాది సబ్జెక్టులకు, షిఫ్టు డ్యూటీ వాళ్లకు ఎన్‌పీటెల్.