వాండర్‌బిల్ట్ ఏడీహెచ్‌డీ ఫారం రివ్యూ: టీచర్ నింపే కాగితం దగ్గరే అసలు సంగతి

పిల్లవాడు క్లాసులో కుదురుగా ఉండట్లేదని స్కూలు నుంచి కబురొచ్చి చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్‌కి వెళ్తే, చేతిలో పెట్టే కాగితాల్లో తరచుగా కనిపించేది వాండర్‌బిల్ట్ ఫారం. ఏకాగ్రత నిలవకపోవడం, అతి చంచలత్వం ఉండే ఏడీహెచ్‌డీని పసిగట్టడానికి వాడేది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పిల్లల వైద్యసేవల నాణ్యత కోసం పనిచేసే ఎన్‌ఐసీహెచ్‌క్యూ అనే సంస్థ కలిసి 2002లో తెచ్చిన సెట్టు ఇది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం. తల్లిదండ్రుల ఫారంలో 55 ప్రశ్నలు, టీచర్ ఫారంలో 43. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది కాబట్టి దీనికంటూ విడిగా వేలు కట్టాల్సిన పని లేదు. మీరు డబ్బు కట్టేది దాన్ని చదివి అర్థం చెప్పే మనిషికి.

ఉచితం కదా అని తీసిపారేయకండి. ఇలాంటిదే, కొనుక్కోవాల్సిన కానర్స్ స్కేల్ అనే ఫారం పక్కన పెట్టి చూసినా మొదటి అడుగుకి ఇది చాలు. దీంతో వచ్చే తిప్పలన్నీ నింపేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు వచ్చేవే.

ముందు లెక్క సంగతి. ఒక్కో ప్రశ్నకి నాలుగు గడులు: అస్సలు లేదు 0, అప్పుడప్పుడు 1, తరచుగా 2, చాలా తరచుగా 3. మొదటి తొమ్మిది ప్రశ్నలు ఏకాగ్రతవి, 10 నుంచి 18 దాకా చంచలత్వం, తొందరపాటువి. 2 గానీ 3 గానీ పడినవాటినే లెక్కలోకి తీసుకోవాలి. తొమ్మిదింట్లో ఆరు అలా ఉంటే ఆ భాగం పాజిటివ్. రెండు భాగాలూ పాజిటివ్ అయితే కలిసిన రకం. అంకెలన్నీ కూడేసి ‘మా వాడికి 54కి 31 వచ్చింది’ అని బెంగపడేవాళ్లున్నారు. రోగనిర్ధారణకి ఆ కూడిక పనికిరాదు. అన్నింటికీ 1 పెట్టినా 18 వస్తుంది, అయినా ఒక్క లక్షణం కూడా లెక్కకి రాదు.

ఆరు వచ్చినంత మాత్రాన కూడా సరిపోదు. చివర్లో చదువు, స్నేహాలు, ఇంట్లోవాళ్లతో మెలిగే తీరు గురించి ప్రశ్నలుంటాయి. తల్లిదండ్రుల ఫారంలో 48–55, టీచర్ ఫారంలో 36–43. వాటిలో ఒక్కదానికైనా 4 గానీ 5 గానీ పడాలి. ఇక్కడ గడులు మారిపోతాయి. 1 అంటే చాలా బాగుంది, 5 అంటే ఇబ్బందిగా ఉంది. అయిదుకి అయిదు అంటే ఫస్టు అనుకునే అలవాటు మనది, అందుకే హడావుడిలో ఉల్టా టిక్కులు పడిపోతాయి. ఇచ్చేముందు ఈ భాగం మరోసారి చూసుకోండి.

ఫలితాన్ని తేల్చేది 1కీ 2కీ మధ్య గీత. ‘తరచుగా’ అంటే ఎంత అన్నది ఫారం చెప్పదు, అది దాని లోపమే. గడిచిన ఆరు నెలల్ని తలచుకుని, ‘మామూలు స్కూలు వారంలో అయిదు రోజులుంటే ఎన్ని రోజులు ఇలా జరిగింది?’ అని మిమ్మల్ని మీరే అడిగి చూసుకుంటే టిక్కు కాస్త నిలకడగా పడుతుంది. అదే వయసు పిల్లలతోనే పోల్చాలి, ఇంట్లో పెద్ద పిల్లతో కాదు. ‘యూట్యూబ్ గంటసేపు కదలకుండా చూస్తాడు’ అని రెండో ప్రశ్నకి సున్నా పెట్టొద్దు. చేయాల్సిన పని మీద ధ్యాస నిలుస్తుందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కూడా నచ్చినదాని మీద గంటలు కూర్చుంటారు.

నాలుగో ప్రశ్న దగ్గర ఆగి చదవాలి. చెప్పిన పని పూర్తి చేయడా అని అడుగుతూ, మొండితనం వల్లగానీ అర్థంకాక గానీ అయితే లెక్కలోకి రాదని పక్కనే రాసి ఉంటుంది. ఇంట్లో తెలుగే తెలిసి ఇంగ్లీష్ మీడియంలో కొత్తగా చేరిన పిల్ల ‘ఓపెన్ యువర్ నోట్‌బుక్ అండ్ కాపీ ద థర్డ్ సమ్’ అంటే పక్కవాళ్ల వైపు చూస్తుంది. టీచర్ దానికి 3 వేస్తారు, చుట్టూ ఉన్నవాటితో ఇట్టే ధ్యాస చెదురుతుందా అనే ఎనిమిదో ప్రశ్నకీ 3 వేస్తారు. ఈ పిల్ల ఇబ్బంది భాషతో.

ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు కనీసం రెండు చోట్ల కనబడాలి, అవి 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. అందుకే టీచర్ ఫారం అంత ముఖ్యం. చిక్కేమిటంటే ఎక్కువగా పాడయ్యేదీ అదే. స్కూలు తెరిచినప్పటి నుంచి చూసిన ప్రవర్తన రాయమంటుంది ఆ ఫారం. మన దగ్గర బడులు జూన్‌లో తెరుస్తారు. జూలైలో కొత్త క్లాస్ టీచర్‌కి ఇస్తే ఆవిడకి నలభై మందిలో ఈ పిల్లాడి పేరు మాత్రమే తెలిసి ఉంటుంది. సెప్టెంబర్ దాటాక ఇవ్వడం మేలు, లేదంటే నిరుడు చెప్పిన టీచర్‌ని అడగండి. ఎన్ని నెలలుగా చూస్తున్నారో రాయడానికి పైన చోటుంటుంది, దాన్ని ఖాళీగా వదలనివ్వొద్దు. వీలైతే ఇద్దరితో నింపించండి: ఉదయం లెక్కలు చెప్పేవారు ఒకరు, భోజనం తర్వాత క్లాసు తీసుకునేవారు ఒకరు.

తిరిగొచ్చిన కాగితంలో 1 నుంచి 28 వరకు టిక్కులన్నీ ఒకే గడిలో నిట్టనిలువుగా దిగితే చదవకుండా పెట్టారనే అర్థం. 3 వేసిన చోటల్లా ఒక్క ఉదాహరణ అడగండి, మర్యాదగానే. ట్యూషన్ మాస్టారి ఫారం దీనికి బదులు కాదు, ఎదురుగా ఒక్కడినే కూర్చోబెట్టి చెప్పినప్పుడు చాలామంది పిల్లలు బాగానే ఉంటారు. వెనక బెంచీలో అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లలు అన్ని ఫారాల్లోనూ జారిపోతారు. అయితే ఇందులో ఏకాగ్రత భాగం విడిగా ఉండటం వల్ల కనీసం దొరికే అవకాశం ఉంది.

తల్లిదండ్రుల ఫారంలో 27–40 చదివి కంగారుపడొద్దు. నిప్పు పెట్టడం, ఆయుధం వాడటం, రాత్రి ఇంటి నుంచి పారిపోవడం లాంటివి ఉంటాయి. అవి వేరే సమస్యని పట్టడానికి పెట్టినవి. ‘మా వాణ్ణి ఇలాంటివి అడుగుతారా’ అని పేజీ మొత్తం వదిలేస్తే దాని తర్వాతి 41–47 కూడా పోతాయి. ఆందోళన, దిగులు గురించి అడిగేది ఆ ఏడింటిలోనే, అవి పోకూడదు.

ఫారం అడగనివి చాలా ఉన్నాయి. చూపు, వినికిడి, నిద్ర, గురక, రక్తహీనత లేవు. కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి మళ్లీ మామూలయ్యే ఆబ్సెన్స్ ఫిట్స్ కూడా మూడో ప్రశ్నలో ‘వినిపించుకోడు’ కింద పడిపోతాయి. టీచర్ ఫారంలో చదవడం, రాయడం, లెక్కల దగ్గర మాత్రమే 4, 5 పడి లక్షణాలు తక్కువుంటే చదవడం, రాయడం, లెక్కల్లోని ప్రత్యేక ఇబ్బందిని (ఎస్‌ఎల్‌డీ) పట్టే నిమ్హాన్స్ ఎస్‌ఎల్‌డీ బ్యాటరీ లాంటి పరీక్ష వైపు వెళ్లాలి. ‘వీళ్ల నాన్నా చిన్నప్పుడు అచ్చం ఇంతే’ అని నానమ్మ అన్న మాటకీ ఫారంలో గడి లేదు. అది డాక్టర్‌కి తప్పక చెప్పండి, ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో వచ్చేదే. ఇదంతా వదిలేసి కేవలం బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాల పరీక్ష) చూసి తేల్చేస్తామనే చోటికి వెళ్లకండి. అందుకు సరిపడే స్కానూ లేదు, రక్తపరీక్షా లేదు.

ఏడీహెచ్‌డీని పరీక్షించడానికి మన దేశంలోనే తయారైన ఇన్‌క్లెన్ టూల్ కూడా ఉంది, 6–9 ఏళ్లవాళ్లకి. అందులో కాగితం ఇంటికి ఇవ్వరు, నిపుణులే ఎదురుగా కూర్చుని అడుగుతారు. చదవడం ఇబ్బందైన తల్లిదండ్రులకి అదే నయం.

ఈ సెట్టులో ఎక్కువ మంది వాడనిది, వాడాల్సింది చికిత్స మొదలయ్యాక నింపే ఫాలోఅప్ ఫారం. 26 ప్రశ్నలు, కింద దుష్ప్రభావాల పట్టిక: ఆకలి, నిద్ర, కడుపునొప్పి, చిరాకు వగైరా. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందు మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టాక లంచ్ బాక్స్ నిండుగా తిరిగొస్తుంటే రాయాల్సింది అక్కడే. ఇక్కడ మాత్రం 18 లక్షణాల అంకెలు కూడి ముందుతో పోల్చవచ్చు. మొదటిసారి నింపిన టీచర్‌తోనే నింపించండి, తేదీ, మందు మోతాదు పైన రాయించండి. మనిషి మారితే అంకె తగ్గింది మందు వల్లో, కొత్త టీచర్ ఓపిక వల్లో చెప్పలేం.