యెల్లోనైఫ్‌లో ఇల్లు చూసుకుంటున్న తెలుగువాళ్ళకు జాగ్రత్త: తాళం చేతికి రాకముందే డబ్బు పంపకండి

కెనడాలో యెల్లోనైఫ్‌కు మారాలనుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ముఖ్యంగా వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడి, ఆ ఊరున్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ప్రాంతం నామినీ ప్రోగ్రాం (ఉద్యోగం ఉన్నవాళ్ళను ఆ ప్రాంత ప్రభుత్వమే సిఫారసు చేసే పథకం) ద్వారా పీఆర్, అంటే శాశ్వత నివాసం, వస్తుందన్న ఆశతో బయలుదేరుతున్నవాళ్ళు. మన వాట్సాప్ గ్రూపుల్లో "బేస్‌మెంట్ ఖాళీగా ఉంది, తెలుగు ఫ్యామిలీకి మాత్రమే" అని ఒకాయన పోస్టులు పెడుతుంటాడు. పేరు రాయడం లేదు. ఆ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకు ఎవరో ఈపాటికే అర్థమై ఉంటుంది. ఆయన మా దగ్గర 3,800 డాలర్లు తీసుకున్నాడు. మేం సామాన్లతో ఆ ఇంటి ముందుకు వెళ్ళి నిలబడ్డాక ఇల్లు ఇంకొకరికి ఇచ్చేశానన్నాడు. ఆ డబ్బు ఇంకా తిరిగి రాలేదు.

మేం ఎడ్మంటన్‌లో ఉంటున్నాం. మావారికి యెల్లోనైఫ్‌లో బిల్డింగ్ మెయింటెనెన్స్ ఉద్యోగం వచ్చింది. "ఇల్లు చూసుకుని రండి, ఇల్లు దొరక్క వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళున్నారు" అని ఉద్యోగం ఇచ్చినవాళ్ళే చెప్పారు. అపార్ట్‌మెంట్లలో చాలావరకు కొద్ది కంపెనీల చేతిలోనే ఉన్నాయి. ఫోన్ చేస్తే వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకుంటామన్నారు. అలాంటి సమయంలో ఈయన దొరికాడు. నెలకు 1,900 డాలర్లు, హీటింగ్ కలిపి. ఆ ఊరి రేట్లకు అది మంచి అద్దె. మొదటి నెలది, చివరి నెలది ముందే పంపమన్నాడు. లీజు కాగితం పంపమని మళ్ళీ మళ్ళీ అడిగాం. "మనలో మనకు కాగితాలేంటి వదినా, వచ్చాక కూర్చుని రాసుకుందాం, మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. ఈ-ట్రాన్స్‌ఫర్ చేశాం, అంటే బ్యాంకు ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో నేరుగా డబ్బు పంపాం. ఆయన ఖాతాలో ఆటో డిపాజిట్ ఉంది కాబట్టి డబ్బు పంపిన వెంటనే అందులో పడిపోయింది. అలా పడిపోయాక దాన్ని మనం వెనక్కి తీసుకోలేం.

ఎడ్మంటన్ నుంచి యెల్లోనైఫ్ దాదాపు 1,450 కిలోమీటర్లు. హై లెవెల్ అనే ఊరు దాటాక ఊళ్ళు పలచబడిపోతాయి. అరవయ్యో అక్షాంశం దగ్గర అల్బర్టా అయిపోతుంది. ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న ఊరు వస్తుంది, 2023 కార్చిచ్చులో దాదాపు అంతా కాలిపోయిన ఊరు. తర్వాత మెకంజీ నది మీద డే చో వంతెన. అది 2012లో తెరిచారు. అంతకుముందు వేసవిలో పంటు మీద, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే బండ్లు దాటేవట. వంతెన దగ్గర ఫోర్ట్ ప్రావిడెన్స్‌లో పెట్రోలు పోయించుకున్నాం. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉంది. "అన్నా, మేం ఫోర్ట్ ప్రావిడెన్స్ దాకా వచ్చేశాం" అని మావారు మెసేజ్ పెట్టారు. వెంటనే జవాబు వచ్చింది: "రండి రండి, హీటింగ్ ఆన్ చేసి పెట్టా."

ఈ మెసేజ్ నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అప్పటికే ఆ ఇంట్లో వేరేవాళ్ళు దిగి ఉన్నారు. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే మేం అక్కడే ఆగేవాళ్ళం, పాపను తీసుకుని వెనక్కి తిరిగేవాళ్ళం. అక్కడి నుంచి యెల్లోనైఫ్ వరకు ఇంకా 300 కిలోమీటర్ల పైనే. దారిలో చాలాదూరం ఫోన్ పనిచేయదు. రోడ్డు మీదికి బైసన్లు, అంటే మన అడవి దున్నల్లాంటివి, మందలుగా వచ్చి నిలబడతాయి. బెచొకో ఊరు దాటాక నేల గడ్డకట్టి ఉబ్బడంతో రోడ్డంతా ఎత్తుపల్లాలే. ఆ చీకట్లో, ఆ చలిలో చిన్నపిల్లతో వస్తున్నామని ఆయనకు బాగా తెలుసు.

మేం చేరేసరికి మైనస్ 34. బేస్‌మెంట్ పక్క తలుపు కొడితే ఎవరో కుర్రాడు తీశాడు, గనుల్లో కాంట్రాక్టు పనికి వచ్చినవాడట. గుమ్మం దగ్గర అతని బూట్లు, లోపల విప్పిన పెట్టెలు కనిపించాయి. పొరపాటున వేరే ఇంటికి వచ్చామేమోనని మావారు నంబరు మళ్ళీ చూశారు. ఇల్లు అదే. ముందు వైపుకు వెళ్ళి బెల్ కొట్టాం. ఆయన లోపలి తలుపు తీశాడు, బయటి గాజు తలుపు మాత్రం తీయలేదు. గాజు అవతల నిలబడే మాట్లాడాడు.

"అన్నా, మీరు ఈ రోజే వస్తారనుకోలేదు."

మధ్యాహ్నం "రండి రండి" అని పెట్టింది ఈయనే. కింద ఎవరున్నారని అడిగాను. "కంపెనీవాళ్ళు 2,400 ఇస్తామన్నారు వదినా, ఆరు నెలలకు ఒకేసారి. మీరైనా అదే చేస్తారు కదా" అన్నాడు. మరి మా డబ్బు అని మావారు అడిగారు. "మీ కోసం ఇన్నాళ్ళు ఖాళీగా ఉంచాను కదా అన్నా, దానికి హోల్డింగ్ చార్జి పోను మిగతాది చూసి వేస్తా." హోల్డింగ్ చార్జి అనే మాట అప్పటిదాకా ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

పాప ఏడుస్తోంది. అక్కడి చలి ఎలాంటిదంటే, ఇంజిన్ ఆపితే మళ్ళీ స్టార్టవుతుందన్న నమ్మకం ఉండదు, అందుకే బండి ఆన్‌లోనే ఉంచి పాపను అందులో కూర్చోబెట్టాం. "పాపను కాసేపు లోపల కూర్చోనివ్వండి, ఈలోపు హోటలు చూసుకుంటాం" అని అడిగాను. చేతులు జోడించి అడిగాను. "మా ఆవిడకు ఒంట్లో బాగాలేదు వదినా" అన్నాడు. ఆవిడ వెనక హాల్లో నిలబడి నన్ను చూస్తూనే ఉంది. ఫోన్లో నన్ను "అక్కా, వచ్చేటప్పుడు ఎడ్మంటన్ నుంచి కరివేపాకు తెస్తారా" అని అడిగిన మనిషి. తెచ్చాను కూడా. బండిలో ఉంది.

మావారు గొంతు పెంచారు. అప్పుడు ఆయన అన్న మాట కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. "అన్నా, పీఆర్ కోసం వచ్చారు కదా, గొడవ పెట్టుకుంటే మీకే ఇబ్బంది. కొంచెం ఆలోచించుకోండి." అని తలుపు వేసేశాడు.

డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకుంటాం. మా కాగితాల భయాన్ని చూపించి నోరు మూయించాలని చూశాడే, అది మాత్రం క్షమించలేను. ఆ భయం ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు, కొన్నేళ్ళ కిందట ఆయనా అదే దారిలో వచ్చాడు. ఎంతమంది దగ్గర ఇదే మాట వాడి ఉంటాడో. అద్దె గురించి ఫిర్యాదు చేసినంత మాత్రాన పీఆర్ దరఖాస్తుకు ఏమీ కాదు. ఆ మాటకు భయపడి ఊరుకున్నవాళ్ళు ఇంకా ఉంటే ఇప్పటికైనా ధైర్యంగా మాట్లాడండి.

అరోరా, అంటే రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు, చూడ్డానికి టూరిస్టులు వచ్చే సీజన్ కాబట్టి హోటళ్ళు నిండిపోయాయి. చివరికి మావారి కొత్త ఆఫీసులో పనిచేసే ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ ఫోన్ చేసి తన ఇంటికి రమ్మంది. మమ్మల్ని అంతకుముందు చూసి కూడా ఎరగదు. తన పిల్లల గది ఖాళీ చేసి ఇచ్చింది. 2023 ఆగస్టులో కార్చిచ్చు దగ్గరికి వచ్చి ఊరంతా ఖాళీ చేయమన్నప్పుడు, దాదాపు 20,000 మంది ఊరు వదిలినప్పుడు, మేం వచ్చిన ఆ రోడ్డు మీదే ఆవిడ పిల్లలతో అల్బర్టా దాకా వెళ్ళిందట. మూడు వారాలు తిరిగి రానివ్వలేదు. అప్పుడు ముక్కూముఖం తెలియనివాళ్ళే చోటిచ్చారని చెప్పింది. మేం అక్కడున్నన్నాళ్ళూ మా దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోలేదు.

ఊరు గురించి న్యాయంగా చెప్పాలి. ఊరు బాగుంది. గ్రేట్ స్లేవ్ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఉత్తర అమెరికాలో అంత లోతైన సరస్సు ఇంకొకటి లేదు, 614 మీటర్లు. ఓల్డ్ టౌన్‌లో పైలట్ల స్మారకం ఉన్న బండ ఎక్కితే గడ్డకట్టిన బేలో రంగురంగుల హౌస్‌బోట్లు కనిపిస్తాయి. మంచు మీద వేసిన రోడ్డు మీద డెట్టా గ్రామం దాకా కార్లు వెళ్తుంటాయి. ఆకాశం ఆకుపచ్చగా కదలడం మా పాప మొదటిసారి చూసింది. సేల్స్ టాక్సు కూడా ఐదు శాతం జీఎస్టీ ఒక్కటే. మనుషులు బస్టాపులో నిలబడినా పలకరిస్తారు.

అద్దెలు మాత్రం గుండెలు బాదుకునేలా ఉన్నాయి. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటు 2,000 డాలర్ల లోపు మాకు ఎక్కడా కనిపించలేదు. కొనాలన్నా మామూలు ఇల్లు ఐదు లక్షల డాలర్ల చుట్టూ చెబుతున్నారు. అద్దె స్థలంలో పెట్టుకున్న ట్రైలర్ ఇల్లు కూడా లక్షల్లోనే. ఊరు కట్టింది గట్టి రాతి మీద, మధ్యమధ్యలో శాశ్వతంగా గడ్డకట్టిన నేల. పునాది తవ్వడం మన దగ్గరలా కుదరదు, చాలా ఇళ్ళు ఇనుప స్తంభాల మీద నిలబెట్టారు. కట్టడానికి దొరికేది పొట్టి వేసవి ఒక్కటే. సిమెంటు, చెక్క, మేకు, అన్నీ మేం వచ్చిన దారిలోనే లారీల్లో రావాలి. చాలా ఇళ్ళకు పక్కనే హీటింగ్ ఆయిల్ ట్యాంకు ఉంటుంది, అద్దెలో హీటింగ్ కలవకపోతే చలికాలం బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. ఓల్డ్ టౌన్‌లో కొన్ని ఇళ్ళకు నీళ్ళు కూడా ట్యాంకర్లోనే వస్తాయి. ఇల్లు చూసేటప్పుడు వీటిలో ఏది అద్దెలో కలిసింది, ఏది కలవలేదు అని విడివిడిగా అడగండి.

పైగా ప్రభుత్వ ఉద్యోగులు, వజ్రాల గనులకు వచ్చేపోయేవాళ్ళు, చలికాలం టూరిస్టులు, అందరూ ఉన్న కొద్ది ఇళ్ళ కోసమే పోటీ. డయావిక్ గని 2026లో ఉత్పత్తి ఆపేస్తుందని కంపెనీ ముందే ప్రకటించింది కాబట్టి అద్దెలు దిగుతాయని కొందరు ఆశపడుతున్నారు. అలా దిగేదాకా వర్క్ పర్మిట్ గడువు ఆగదు కదా. ఆ ఊళ్ళో బేస్‌మెంట్ తాళం చేతిలో ఉన్నవాడు మనిషిని ఎంతైనా ఆడించగలడు. అందుకే ఆయన గాజు తలుపు అవతల నిలబడి అంత ధీమాగా మాట్లాడాడు.

తర్వాత చట్టం చదివితే ఇంకా కోపం వచ్చింది. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో డిపాజిట్ ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు. అది కూడా సగం మొదట ఇచ్చి, మిగతా సగం మూడు నెలల్లోపు ఇవ్వచ్చు. "మొదటి నెల, చివరి నెల ముందే" అనేది ఆంటారియో అలవాటు, దాన్ని అక్కడి రూలు అన్నట్టు చెప్పి మా దగ్గర గుంజాడు. అద్దె పెంచడానికి అక్కడ పరిమితి లేదు, కానీ ఏడాదికి ఒక్కసారే పెంచాలి, మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఓనరుకూ అద్దెకున్నవాళ్ళకూ తగాదా వస్తే వినడానికి రెంటల్ ఆఫీసర్ ఉంటారు, కోర్టుకు వెళ్ళక్కర్లేదు. ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలి. మేం పెట్టాం. మెసేజీలు, ఈ-ట్రాన్స్‌ఫర్ రసీదు, ఫోర్ట్ ప్రావిడెన్స్‌లో వచ్చిన ఆ జవాబు, అన్నీ జతచేశాం.

ఇదే విషయం గ్రూపులో రాస్తే గంటలోపే నన్ను గ్రూపు నుంచి తీసేశారు. అడ్మిన్ ఆయన స్నేహితుడే. ఆ తర్వాత "ఎక్కడా ఏమీ రాయకపోతే 1,500 వేస్తా వదినా" అని కబురు పంపాడు. మాకు రావాల్సింది 3,800. మొత్తం డబ్బు ఇచ్చినా ఈ మాటలు వెనక్కి తీసుకోను.

మీరు వెళ్తే ముందు మీ ఉద్యోగం ఇచ్చినవాళ్ళనే ఇల్లు చూపించమని, లేదా మొదటి నెలలకు గది ఇప్పించమని గట్టిగా అడగండి. అది అడగడానికి మొహమాటపడకండి, మనుషులు దొరక్క ఇబ్బంది పడుతున్నది వాళ్ళు కూడా. సంతకం పెట్టిన లీజు లేకుండా, ఇల్లు కళ్ళతో చూడకుండా, తెలుగులో మాట్లాడాడని ఎవరికీ ఈ-ట్రాన్స్‌ఫర్ చేయకండి. దూరంలో ఉంటే అక్కడున్న ఎవరినైనా పంపి ఇల్లు చూడమనండి. ఇంట్లో దిగేటప్పుడు ఓనరుతో కలిసి గదులన్నీ చూసి, ఏ గోడ ఎలా ఉందో కాగితం మీద రాయించుకోండి, ఫొటోలు తీసుకోండి.

ఇప్పటికే ఆయనకు డబ్బు పంపినవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజీలు డిలీట్ చేయకండి, నాకు రాయండి. మేం దరఖాస్తులో ఏం రాశామో, ఏ కాగితాలు జతచేశామో పంపిస్తాను. ఆరు నెలల గడువు దాటకముందే మీదీ పెట్టండి.