జాగ్రత్త: ఇంజనీరింగ్‌కు ముందు ‘కోడింగ్ బ్రిడ్జ్ కోర్సు’కు డబ్బు కట్టేవాళ్లు ఒకసారి చదవండి

ఎంసెట్ (పేరు ఈఏపీసెట్‌గా మారినా మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే) ర్యాంకులు వచ్చిన వారంలోనే ఫోన్లు మొదలయ్యాయి. నా నంబరు ఎవరిచ్చారో దేవుడికే తెలియాలి. ‘మేడమ్, మీ బాబు ఇప్పుడే సి, పైథాన్ కోడింగ్ భాషలు నేర్చుకోకపోతే ఫస్టియర్‌లోనే బ్యాక్‌లాగ్‌లు పడతాయి’ అంటూ ఒకటే పోరు. కాలేజీ తెరిచేదాకా వాడు ఖాళీయే కదా అని ఖమ్మం నుంచి అమీర్‌పేట తీసుకెళ్లాను. ఇన్‌స్టిట్యూట్ పేరు ఇక్కడ రాయను. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో అలాంటివి ఇంకెన్నో.

డెమో క్లాసు చెప్పిన సార్ బంగారం. ఫీజు కట్టాక ఆయన మళ్లీ కనబడలేదు. వచ్చినతను నిరుడు అక్కడే కోర్సు చేసిన కుర్రాడట. బోర్డు మీద ప్రోగ్రాం రాస్తాడు, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు. నలభై మందికి పన్నెండు సిస్టములు. ఈ లైను ఎందుకు రాశారు సార్ అంటే ‘అది సింటాక్స్, అలాగే రాయాలి’ అంటాడు. పైథాన్ అయితే ఆఖరి నాలుగు రోజుల్లో జిరాక్సు కాగితాలుగా వచ్చింది.

అసలు సంగతి కాలేజీ ల్యాబులో బయటపడింది. అక్కడ కంప్యూటర్లలో ఉబుంటు (విండోస్ లాంటిదే), దాంట్లో సి ప్రోగ్రాములను నడిపించే జీసీసీ. మా వాడు నేర్చుకున్నట్టే ప్రోగ్రాం పైన ‘కోనియో.హెచ్’ (టర్బో సి అనే పాత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఫైలు) అని కొట్టాడు. అలాంటి ఫైలే లేదని ఎర్రర్. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రెండు నెలలూ నేర్పింది ముప్ఫై ఏళ్ల పైబడిన టర్బో సి నీలం తెర మీద. కొన్ని కాలేజీల్లో ఇప్పటికీ అదే ఉందట, అది వేరే బాధ.

ఇంటికొచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఆ టర్బోలోనే నాకు ఒకటి చూపించాడు. 8 ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి 8 దాకా గుణిస్తే 40,320 రావాలి. తెర మీద మైనస్ 25,216 వచ్చింది! టర్బోలో ‘ఇంట్’ అనే డబ్బాకు రెండు బైట్లే. 32,767 దాటితే పట్టదు, తిరగబడి మైనస్‌లోకి పోతుంది. ఇప్పటి జీసీసీలో ఆ డబ్బా నాలుగు బైట్లు కాబట్టి సరిగ్గానే వస్తుంది. ఇదంతా కాలేజీ మేడమ్ రెండు నిమిషాల్లో చెప్పారట. కోచింగ్ సార్‌ని అడిగితే ‘పెద్ద నంబర్లు ఇవ్వకండి’ అన్నాడట. నాకు కడుపు మండింది అక్కడే.

ఇక డబ్బు. ఫీజు 28,000. నెలనెలా కట్టుకోవచ్చు, వడ్డీ లేదన్నారు. కౌంటర్‌లో అమ్మాయి నా ఆధార్, పాన్ తీసుకుని, ఫోన్‌కి వచ్చిన ఓటీపీలు రెండు చెప్పమంది. ‘రిజిస్ట్రేషన్‌కే ఆంటీ’ అంది. చెప్పాను, బుద్ధి తక్కువై. వాటితో నా పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పు పుట్టింది. నెలకు 2,600 చొప్పున 12 కిస్తీలు, మొత్తం 31,200. ఇన్‌స్టిట్యూట్‌కి డబ్బు ముందే ముట్టేసింది కాబట్టి వాళ్లు పాఠం చెప్పినా చెప్పకపోయినా 5వ తారీఖున నా ఖాతాలో కోత ఆగదు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ‘చెల్లించిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది.

కోపం కొద్దీ కిస్తీలు ఆపేయకండి. నేను ఆపబోయాను. సిబిల్ స్కోరు పడిపోతే రేపు వాడి ఎడ్యుకేషన్ లోన్‌కి సంతకం పెట్టాల్సింది నేనే అని మా తమ్ముడు గుర్తుచేశాడు. ఇలాంటి డిజిటల్ అప్పులకు ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ‘కూలింగ్ ఆఫ్’ గడువు ఉంటుంది, ఆలోపు జరిమానా లేకుండా వెనక్కి ఇచ్చేయొచ్చు. నేను ఒప్పందం తెరిచి చూసేసరికి అది దాటిపోయింది. మీరు ఓటీపీ చెప్పిన రోజే చూసుకోండి. అసలు చెప్పకపోతే ఇంకా మంచిది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే ఖమ్మంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

మా వాడు ఇప్పుడు ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చూసి మొదటి నుంచి నేర్చుకుంటున్నాడు. పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ పాఠాలున్నాయి. నాకు మాత్రం ఇంకా ఏడు కిస్తీలున్నాయి.

డెమోకి వెళ్లేవాళ్లు సార్‌ని 8 ఫ్యాక్టోరియల్ మీ ముందే వేసి చూపించమనండి. మైనస్ వచ్చి, ఎందుకో ఆయన చెప్పలేకపోతే, చెప్పులేసుకుని వచ్చేయండి.