హిరోషిమాలో రెండున్నరేళ్ళు: మొదటి వారంలో ఎవరైనా చెప్పుంటే బాగుండేది అనిపించినవి

2023 మార్చి చివరి వారంలో, చెర్రీ పూల రోజుల్లో, ఉద్యోగం కోసం నేనూ మా ఆవిడా హిరోషిమాకి వచ్చాం. ఇప్పటికి రెండున్నరేళ్ళు దాటింది. జపాన్ టూరు వేసుకునే మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఒసాకా నుంచి పొద్దున్నే షింకన్‌సెన్‌లో వచ్చి, అణుబాంబుకి మిగిలిన డోమూ, మియాజిమా దీవీ చూసేసుకుని రాత్రికి వెళ్ళిపోవచ్చు కదా?" అని. వెళ్ళిపోవచ్చు, రైలు ప్రయాణం గంటన్నర కూడా ఉండదు. కానీ మేము మొదటి శనివారం సరిగ్గా అదే చేశాం. దయచేసి మీరు అలా చేయకండి.

ఆ రోజు పొద్దున డోమ్ దగ్గరే ఉన్న అణుబాంబు స్మారక మ్యూజియంలోకి వెళ్ళాం. టికెట్టు 200 యెన్లే, లోపల చూసింది మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు. 8:15 దగ్గర ఆగిపోయిన గడియారం గురించి అందరూ వినే ఉంటారు. నేను కదల్లేకపోయింది ఒక మూడు చక్రాల సైకిల్ ముందు. మూడేళ్ళ పిల్లాడు ఇంటి ముందు తొక్కుకుంటుంటే బాంబు పడింది, ఆ రాత్రికే పిల్లాడు పోయాడు. వాడు ఒక్కడూ ఎక్కడో శ్మశానంలో ఎందుకని తండ్రి పెరట్లోనే పాతిపెట్టి, పక్కన సైకిల్ కూడా పెట్టాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1985లో, తవ్వి తీసి మ్యూజియానికి ఇచ్చాడు. అక్కడి నుంచి బయటికి వచ్చిన రెండు గంటలకి మేము మియాజిమా పడవలో ఉన్నాం. చుట్టూ ఫొటోలు, ఐస్‌క్రీములు, జింకలు, నవ్వులు. మా ఆవిడ పడవ దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అంత అందమైన దీవిని చూశామన్న పేరే కానీ, నాకు ఆ రోజు ఏమీ కనబడలేదు.

అందుకే నా మొదటి మాట: ఈ రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. కనీసం రెండు రాత్రులు ఉండండి.

ఇక తిండి. హిరోషిమా అంటే ఒకొనొమియాకి, ఒక రకం అట్టు. ఒసాకా వాళ్ళు అన్నీ పిండిలో కలిపేసి పోస్తారు, ఇక్కడ పొరలు పొరలుగా వేస్తారు. ముందు పెనం మీద కాగితమంత పల్చటి అట్టు పోసి, దాని మీద గుట్టంత క్యాబేజీ తురుము, పెసర మొలకల్లాంటి పొడుగు మొలకలు, పంది మాంసం ముక్కలు వేసి, తిరగేసి మగ్గనిస్తారు. పక్కన నూడుల్స్ వేగుతుంటాయి, వాటిని కిందికి చేర్చి, చివర్లో గుడ్డు పగలగొట్టి పరిచి దాని మీదికి మొత్తాన్ని ఎక్కిస్తారు. పైన నల్లగా, తియ్యగా ఉండే సాస్. ఆ తీపికి కారణాల్లో ఖర్జూరం ఒకటని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. మన పెసరట్టు ఉప్మా తిన్న నాలుకకి ఈ పద్ధతి వెంటనే నచ్చుతుంది, అట్టు కేవలం చుట్టు గోడ, అసలు సంగతంతా లోపల. కౌంటర్ దగ్గర కూర్చుంటే ప్లేటులో కాకుండా మీ ముందున్న పెనం మీదే పెడతారు. హెరా అనే చిన్న అట్లకాడతో కోసుకుని వేడివేడిగా తినాలి. చాప్‌స్టిక్స్ అడిగితే ఇస్తారు కానీ, హెరాతో తింటే చివరి ముద్ద దాకా వేడి తగ్గదు. ఒకొనొమిమురా అని మూడు అంతస్తుల నిండా ఈ కొట్లే ఉన్న భవనం ఒకటుంది, మొదటిసారి అక్కడికే వెళ్ళండి. తర్వాత మాత్రం మీరు దిగిన చోటికి దగ్గర్లో ఒక పెద్దావిడ నడిపే ఆరు కుర్చీల కొట్టు ఏదో ఉంటుంది, అది వెతుక్కోండి. యుద్ధం తర్వాత తిండి దొరకని రోజుల్లో పిండీ కూరాకూతో కడుపు నింపిన వంట ఇది, చిన్న కొట్లలోనే దాని రుచి బాగా తెలుస్తుంది.

శాకాహారులకు మాత్రం గట్టిగా చెప్పాలి. మా ఆవిడ గుడ్డు తింటుంది, మాంసం, చేప ముట్టదు. మొదటి నెలంతా "నికు నాషి", అంటే మాంసం లేకుండా, అని చెప్పి ధైర్యంగా తినేది. ఒక రోజు కౌంటర్ దగ్గర కూర్చుని చూస్తే, పల్చటి అట్టు పోయగానే దాని మీద గోధుమ రంగు పొడి చల్లారు. అడిగితే చేప పొడి! పాపం కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. కొట్టు వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి అది ఉప్పులాంటిది, మాంసం లెక్కలోకే రాదు. సాస్‌లో కూడా మాంసం, ఆయిస్టర్ సారాలు ఉంటాయి. చారు కనిపించే ప్రతి వంటలోనూ దాషి అనే రసం ఉంటుంది, అంటే దాదాపు ఎప్పుడూ చేపే. కాబట్టి "చేప పొడి వద్దు, సాస్ వద్దు, ఉప్పు చాలు" అని జపనీస్‌లో రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి. మేమిప్పుడు అలాగే అడుగుతాం, చాలామంది ఓపిగ్గా చేసిపెట్టారు, ఒకరిద్దరు కుదరదని మర్యాదగా చెప్పారు.

కారం లేక నాలుక చచ్చిపోయిన వాళ్ళకి ఇక్కడ షిరునాషి తన్‌తన్‌మెన్ అని ఒకటుంది, చారు లేని నూడుల్స్, మిరప నూనె, మాంసం కీమా, పైన సన్షో అనే జపాన్ మిరియాల పొడి. నాలుక జివ్వుమంటుంది. కనీసం ముప్ఫై సార్లు కలపమంటారు, నిజంగానే కలపండి, అసలు సరుకంతా అడుగునే ఉంటుంది. నాకు ఒకొనొమియాకి కంటే ఇదే ఎక్కువ ఇష్టం. చలికాలంలో ఆయిస్టర్లు తప్పకుండా తినాలి, జపాన్‌లో పెంచేవాటిలో సగానికి పైగా ఈ ప్రాంతానివే. నిమ్మకాయల పంటలో కూడా ఈ జిల్లాదే మొదటి స్థానం. ఇకుచి దీవిలోని సెతోదా నుంచి వచ్చే నిమ్మకాయతో మా ఆవిడ పులిహోర కలిపితే, పులుపు మన ఊరి కాయంత పదునుగా ఉండదు కానీ వాసన ఇల్లంతా నిండుతుంది. ఇక్కడి బియ్యంతో మాత్రం పులిహోర చేయకండి, ముద్దైపోతుంది.

ఊళ్ళో తిరగడానికి ట్రామ్ చాలు. దిగేటప్పుడు డబ్బు కట్టాలి, డబ్బాలో వేసిన దానికి చిల్లర తిరిగి రాదు, పక్కనున్న మెషిన్‌లో ముందే మార్చుకోవాలి. మొదటి రోజు వెయ్యి యెన్ల నోటు పట్టుకుని నిలబడితే నా వెనక పదిమంది ఆగిపోయారు, ఒక్కరూ విసుక్కోలేదు. ఐకోకా అనే ప్రీపెయిడ్ ప్రయాణ కార్డు ఉంటే ఆ టెన్షన్ లేదు. 2025 ఆగస్టు నుంచి ట్రామ్ నేరుగా రైల్వే స్టేషన్ రెండో అంతస్తులోకే వస్తుంది, సామాను ఉన్నవాళ్ళకి చాలా సుఖం. ఒక పొద్దున ఆఫీసు రద్దీలో ఎక్కిన పాత బండి నంబరు 652. పక్కనున్న తాతగారు ఆ నంబరు చూపించి, ఇది ఆ రోజు బాంబు తిన్న బండి అని నెమ్మదిగా చెప్పారు. బాంబు పడిన మూడో రోజుకే, ఆగస్టు 9న, ఊరికి పడమర వైపు కొంత దూరం ట్రామ్‌లు మళ్ళీ నడిపారట. 651, 652 ఇప్పటికీ తిరుగుతున్నాయి. మ్యూజియం చూసిన రోజు కంటే ఎక్కువగా, ఆ పొద్దున ఆ చెక్క నేల మీద నిలబడి నేను ఈ ఊరిని ప్రేమించడం మొదలుపెట్టాను.

మియాజిమా గురించి ఒక్కటే: వెళ్ళేముందు ఆటుపోట్ల పట్టిక చూడండి. పోటు మీదున్నప్పుడు ఒడ్డునున్న ఇత్సుకుషిమా గుడి నీళ్ళ మీద తేలుతున్నట్టుంటుంది, బాగా ఆటు వేళ గుడి ముందు సముద్రంలో ఉన్న పెద్ద తోరణం దాకా బురదలో నడిచి వెళ్ళొచ్చు. 16 మీటర్ల ఆ తోరణం నేలలో పాతింది కాదు, తన బరువు మీదే నిలబడి ఉంది. కింద నిలబడి తలెత్తి చూస్తే గానీ ఆ మాటకి అర్థం తెలియదు. ఆరు గంటలు ఉంటే రెండూ చూడొచ్చు.

ఈ మధ్య మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు ఇలా తిప్పాను. మొదటి సాయంత్రం ఊళ్ళో ట్రామ్, చిన్న కొట్టులో ఉప్పుతో కాల్చిన కూరల అట్టు. రెండో రోజంతా మియాజిమా. మూడో రోజు మ్యూజియం తెరిచే వేళకే, 7:30కి, ఆన్‌లైన్‌లో ముందే టికెట్ తీసుకుని వెళ్ళాం, జనం తక్కువ. బయటికి వచ్చాక మోతోయాసు నది గట్టు మీద నడిచి, 2023 మేలో పెట్టిన గాంధీగారి విగ్రహం దగ్గర కాసేపు ఆగాం. అత్తగారు అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయారు. "ఇంకెక్కడికీ వద్దు బాబూ" అన్నారు. ఆ రోజుకి నేను ఇంకే టికెట్టూ కొని పెట్టలేదు. చీకటి పడేదాకా ఆ నీళ్ళని చూస్తూ కూర్చున్నాం.