చిన్న శిలాజ పళ్లకి చేతి లెన్సా, యూఎస్‌బీ మైక్రోస్కోపా?

ఒక్కటే కొనాలంటే 10 రెట్ల లెన్సు కొనండి. మూడు నాలుగు మిల్లీమీటర్ల షార్క్ పన్నుని వేళ్ల మధ్య వెలుగుకి అటూ ఇటూ తిప్పితే చాలు, అంచున రంపపు గాట్లున్నాయా, పెద్ద మొన పక్కన బుల్లి మొనలున్నాయా, వేరు మధ్యలో గాడి ఉందా అన్నది ఏరిన చోటే తెలిసిపోతుంది. మైక్రోస్కోప్‌తో ఈ తిప్పుడు కుదరదు, కదిపితే ఫోకస్ పోతుంది, పైగా డబ్బా మీద రాసే 1000 రెట్లు అన్న మాటని నేనైతే పట్టించుకోను.

కానీ ఫొటో కావాలంటే అదే దిక్కు. తెలిసినవాళ్లకి పంపేటప్పుడు నాలుక వైపు, పెదవి వైపు, పక్కనుంచి తీసి, ప్రతిదాంట్లో స్కేలు పెట్టాలి. హెమిప్రిస్టిస్ అనే షార్క్‌ల పైదవడ పళ్లలో గాట్లు మొన దాకా పోకుండా ముందే ఆగిపోతాయి, అలాంటి తేడా తెరమీద పెద్దగా చూపిస్తే ఇక వాదనే ఉండదు (మొన అరిగిపోతే ఏదీ పనిచెయ్యదు, అది వేరే సంగతి).